వ్యాన్‌ప్రస్థం... తొలి మజిలీ మెకానిక్ షెడ్డు

చక్రాల మీద ఇల్లు కట్టుకోవాలనుకునే వాళ్లకు పాత చిత్తూరు జిల్లా కంటే అనువైన చోటు ఆంధ్రదేశంలో ఇంకోటి లేదు. బ్యాటరీ కావాలా? రేణిగుంట పక్కన కరకంబాడిలో అమరరాజా ఉంది. గల్లా రామచంద్రనాయుడు 1985లో స్థాపించిన ఆ కంపెనీ బ్యాటరీలు ఇవాళ దేశంలో ఏ మూలకు పోయినా దొరుకుతాయి. టైర్లు కావాలా? చిన్నపాండూరులో అపోలో ఫ్యాక్టరీ 2020 నుంచి తయారు చేస్తోంది. బండే కావాలంటే శ్రీసిటీలో 2016 నుంచి ఇసుజు పికప్‌లు బయటికొస్తున్నాయి. పైన బిగించే ఏసీల కంపెనీలు డైకిన్, బ్లూస్టార్ కూడా అదే శ్రీసిటీలో ఉన్నాయి. సరుకంతా మన గడ్డ మీదే పుడుతోంది. దాన్నంతా ఒక బండిలో కూర్చి, ‘ఇది నా పని, చెడితే నేను చూసుకుంటా’ అని పూచీ పడే మనిషి మాత్రం దొరకడు. రిటైరయ్యాక కారవాన్ కొనుక్కుని రోడ్డెక్కిన వాళ్లు మొదటి నెలల్లో పడే అవస్థల్లో ముప్పాతిక భాగం ఈ లోటులోంచే వస్తాయి.

రాష్ట్ర ప్రభుత్వోద్యోగుల రిటైర్మెంటు వయసు 2014లో 58 నుంచి 60కి, 2022 జనవరిలో 60 నుంచి 62కి పెరిగింది. గ్రాట్యుటీ చేతికొచ్చేసరికి పిల్లలు బెంగళూరులోనో డాలస్‌లోనో స్థిరపడి ఉంటారు. మోకాళ్లు ఇంకా మాట వింటుంటాయి. కాశీ, బదరీ, ద్వారక చూడాలన్న కోరిక ఎప్పటినుంచో ఉంది. యూట్యూబ్‌లో వ్యాన్‌లో కాపురం చేసేవాళ్ల వీడియోలు ఆ కోరికకు రెక్కలు తొడుగుతాయి. ఒక హెడ్మాస్టారు, ఆయన భార్య, ఆవిడ పెద్దాసుపత్రిలో నర్సుగా చేసి దిగిపోయిన సిస్టరమ్మ అనుకుందాం. సెకండ్‌హ్యాండ్ టెంపో ట్రావెలర్ ఒకటి కొన్నారు. సీట్లు పీకించి మంచం, వంటగట్టు, చిన్న ఫ్రిజ్, మూలన బాత్రూం కట్టించారు. పైన ఏసీ పెట్టించారు. గుమ్మానికి మామిడాకులు కట్టి, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించి బయల్దేరారు. ఇలాంటి దంపతులకు ఎదురయ్యేవేమిటో, ఎందుకో చూద్దాం.

ఇల్లు వెంటబెట్టుకుని దేశం తిరగడం మనకు కొత్తేమీ కాదు. ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే 18న చెన్నపట్నంలో బయల్దేరి, తిరుపతి, కడప మీదుగా కాశీ వెళ్లి, మరుసటి ఏడు సెప్టెంబరులో తిరిగొచ్చారు. డేరాలు, పల్లకీ, వెంట దాదాపు వందమంది. బోయీలు అలిసిపోతే భుజం మార్చుకునేవాళ్లు. 1982లో ఎన్టీఆర్ షెవర్లే వ్యాన్‌ను చైతన్యరథంగా మార్చుకుని నెలల తరబడి అందులోనే తిని, అందులోనే పడుకుని రాష్ట్రమంతా తిరిగారు. తిరుపతి నుంచి పోటీ చేసి గెలిచారు కాబట్టి ఇక్కడి పెద్దవాళ్లకు ఆ బండి గుర్తే. కానీ ఆ బండికి స్టీరింగ్ పట్టింది కొడుకు హరికృష్ణ. ముందూ వెనకా పార్టీ జనం ఉన్నారు. మన హెడ్మాస్టారికి డ్రైవరూ తానే, క్లీనరూ తానే. బోయీల పని సిస్టరమ్మది.

బ్యాటరీల ఊళ్లో బ్యాటరీ గొడవ

కొత్తగా బయల్దేరేవాళ్లు ఇంజిన్‌ను చూసి భయపడతారు. నిజానికి ఇంజిన్ వల్ల వచ్చే చిక్కు తక్కువ. బజాజ్ టెంపో వాళ్లు మెర్సిడెస్ పరిజ్ఞానంతో 1987లో తెచ్చిన ట్రావెలర్ తిరుపతి వీధుల్లో ఆటోలతో పోటీపడి తిరుగుతుంటుంది. యాత్రికులను కాణిపాకం, శ్రీకాళహస్తి తిప్పే బండ్లు చాలావరకు అవే. దాని గేర్‌బాక్స్ కళ్లు మూసుకుని విప్పగల మెకానిక్‌లు ఇక్కడ సందుకొకరున్నారు.

మొదట మొరాయించేది బ్యాటరీ. బండిలో రెండు రకాల పనులకు కరెంటు కావాలి. ఇంజిన్ స్టార్ట్ చేయడానికి రెండు మూడు సెకన్లు కుండపోతగా కావాలి. ఫ్యాను, లైట్లు, ఫ్రిజ్‌లకు రాత్రంతా సన్నధారగా కావాలి. మొదటి పనికి కారు బ్యాటరీ, రెండోదానికి ఇళ్లలో ఇన్వర్టర్‌కు పెట్టే ట్యూబులర్ బ్యాటరీ. రెండూ చూడటానికి ఒకే డబ్బాలా ఉంటాయి, లోపలి పలకల కట్టుబడి వేరు. డబ్బు కలిసొస్తుందని ఒక్క బ్యాటరీతోనే రెండు పనులూ చేయించే వాళ్లున్నారు. రెండూ పెట్టి ఒక వైరు ముక్కతో నేరుగా కలిపేసే వాళ్లు ఇంకా ఎక్కువ. అలా కలిపితే నీరసించిన బ్యాటరీ బాగున్నదాన్ని కూడా రాత్రికి రాత్రి పీల్చేస్తుంది. తెల్లారి తాళం తిప్పితే టకటకమని నాలుగు చప్పుళ్లు, అంతే. మధ్యలో రెండింటినీ వేరుచేసే ఐసొలేటర్‌గానీ డీసీ చార్జర్‌గానీ ఉంటే ఈ తిప్పలుండవు. బీఎస్-6 బండ్లలో ఆల్టర్నేటర్ డీజిల్ ఆదా కోసం తనంతట తనే వోల్టేజి తగ్గించుకుంటుంది. అందుకని వాటికి డీసీ చార్జరే మేలు.

ఏసీ లెక్క చూస్తే కళ్లు తిరుగుతాయి. ఒక టన్ను ఏసీ తిరిగేటప్పుడు వెయ్యి వాట్ల దాకా లాగుతుంది. ఇంట్లో 230 వోల్టుల మీద అది నాలుగున్నర ఆంపియర్లు కూడా లేదు. బండిలో 12 వోల్టుల మీద అదే వెయ్యి వాట్లు 83 ఆంపియర్లవుతుంది. ఇన్వర్టర్ తినేది కలిపితే 90 దాటుతుంది. 150 ఆంపియర్ అవర్ల బ్యాటరీని సగానికంటే కిందికి దించితే ఆయుష్షు తరిగిపోతుంది, కాబట్టి చేతిలో ఉన్నది 75. అంటే మే నెల రాత్రి తిరుపతిలో ఏసీ ముప్పావుగంట. ఆ తర్వాత కిటికీ తెరుచుకోవడమే. పైకప్పు మీద 400 వాట్ల సోలార్ పలకలు వేయిస్తే మన ఎండకు రోజుకు ఒకటిన్నర యూనిట్ వస్తుంది. ఫ్యానుకు, ఫ్రిజ్‌కు, ఫోన్లకు అది ధారాళంగా చాలు, ఏసీకి చాలదు. పైగా పలకలకు ఎండ కావాలి, మనుషులకు నీడ కావాలి. చింతచెట్టు కింద ఆపితే పలకలు పస్తు, ఎండలో ఆపితే లోపలివాళ్లు మాడతారు. ఆ చెట్టు కిందే ఎలుకలుంటాయి, వాటికి వైర్లంటే ఎందుకంత రుచో తెలియదు.

ఇంటి వైరింగ్ చేసే ఎలక్ట్రీషియన్‌తో బండి వైరింగ్ చేయిస్తే అసలు ప్రమాదం అక్కడే. అతని చేతికి అలవాటైన రెండున్నర ఎంఎం వైరు ఇంట్లో గీజరుకు కూడా సరిపోతుంది. 90 ఆంపియర్లు పారితే అదే వైరు వేడెక్కి, పైపొర కరిగి, ప్లైవుడ్‌కు అంటుకుంటుంది. బ్యాటరీ కొమ్ము నుంచి జానెడు దూరంలోనే ఫ్యూజు ఉండాలి. అంత కరెంటు మోసే లైనుకు వేలిలావు రాగి తీగ కావాలి. ఆ తీగ సన్నపోగులు కలిపి అల్లినదై ఉండాలి. ఒంటి తీగ అయితే గుంతల రోడ్డు అదురుడుకు ఎక్కడో ఒకచోట విరుగుతుంది. వెనక తలుపుకు అడ్డంగా బీరువా కట్టించిన బండ్లు కనిపిస్తుంటాయి. ముందువైపు మంటలొస్తే బయటపడే దారి అదేనని కట్టించేటప్పుడు ఎవరికీ తోచదు.

వేడి సంగతి వేరే చెప్పాలి. బ్యాటరీ చుట్టూ ఉష్ణోగ్రత పది డిగ్రీలు పెరిగితే దాని ఆయుష్షు సుమారు సగమవుతుందని ఆ రంగంలో ఒక మోటు లెక్క ఉంది. మనకు వేసవిలో నలభై దాటడం మామూలు. అలాంటి చోట బ్యాటరీని మంచం కింద గాలాడని పెట్టెలో బిగిస్తారు. ట్యూబులర్ బ్యాటరీ చార్జింగ్‌లో హైడ్రోజన్ వాయువు వదులుతుంది కూడా. ఆ పెట్టెకు బయటికి గాలిగొట్టం పెట్టించాల్సిందే.

ముందు కాటా ఎక్కించండి

బండి ఊగుతోంది, వెనక కూర్చున్నట్టుంది, టైరు లోపలి అంచు అరుగుతోంది. ఇలా అనిపిస్తే షెడ్డుకు వెళ్లేముందు వేబ్రిడ్జికి వెళ్లాలి. చిత్తూరు జిల్లాలో కాటాలకు కరువు లేదు. తోతాపురి సీజనులో మామిడి గుజ్జు ఫ్యాక్టరీల ముందు ట్రాక్టర్లు బారులు తీరేది ఆ కాటాల కోసమే. బండిని మొత్తం ఒకసారి, వెనక చక్రాలు మాత్రమే ఎక్కించి మరోసారి తూచి, ఆర్సీలో, కంపెనీ పలక మీద రాసిన బరువుతో పోల్చుకోవాలి.

పోల్చుకున్నాక మొహం వాడిపోతుంది. వంద లీటర్ల నీళ్లంటే వంద కిలోలు. ట్యూబులర్ బ్యాటరీలు రెండైతే ఇంకో వంద. మందపాటి ప్లైవుడ్ షీటు ఒక్కోటి ముప్పై కిలోల పైనే, అలాంటివి ఆరేడు. గ్రానైటు వంటగట్టు పెట్టించిన వాళ్లున్నారు, నమ్మండి. ఏసీ, ఫ్రిజ్, సిలిండరు, పప్పు డబ్బాలు, ఊరగాయ జాడీలు, దేవుడి పటాలు. ఇందులో ఎక్కువ భాగం వెనక ఇరుసు కంటే వెనక్కి పడుతుంది. కమాన్ కట్టలు చదునైపోతాయి, ముందు చక్రాలకు పట్టు తగ్గి స్టీరింగ్ తేలిపోతుంది. షెడ్డులో చూపిస్తే వచ్చే జవాబు ఇలా ఉంటుంది:

“బండి బాగనే ఉండాది అయివోరా. మీరు కట్టించిన ఇల్లే బరువు.”

అదనంగా రెండు కమాన్ పట్టీలు వేయించుకుని సమస్య తీరిందనుకుంటారు. పట్టీలు వేస్తే బండి లేచి నిలబడుతుంది. బ్రేకుల సత్తా, టైర్ల మోతాదు మాత్రం పాతదే. తీయాల్సింది గ్రానైటు.

ఈ బరువు జబ్బు కారవాన్‌తోనే పుట్టింది. బ్రిటిష్ నౌకాదళంలో వైద్యుడిగా చేసి మానేసిన విలియం గోర్డన్ స్టేబుల్స్ 1885లో బ్రిస్టల్‌లో ‘వాండరర్’ అనే ఇంటిబండి కట్టించుకుని స్కాట్లాండ్‌లోని ఇన్వర్నెస్ దాకా వెళ్లాడు. సరదా కోసం కట్టించుకున్న తొలి కారవాన్ అదేనంటారు. బండి బరువు రెండు టన్నులు, లాగేవి రెండే గుర్రాలు. మహోగని చెక్క పని, పుస్తకాల అర కూడా ఉన్నాయి. పనివాడు ట్రైసైకిల్ మీద ముందుకెళ్లి ఎదురొచ్చే బండ్లను హెచ్చరించేవాడు. ఉద్యోగం దిగిన మనిషి, చక్రాల మీద సోకైన ఇల్లు, ఎత్తు కనబడగానే గుబులు. 140 ఏళ్లలో మారింది గుర్రాలే.

టైర్ల గురించి ఒక మాట. గాడి లోతు చూసి బాగుందని సెకండ్‌హ్యాండ్ బండి కొంటారు. టైరు పక్క మీద నాలుగంకెలు ఉంటాయి, 3221 అంటే 2021లో 32వ వారంలో తయారైందని. ఎండలో ఏళ్ల తరబడి నిలబెట్టిన బండి టైరు అరగకుండానే ముసలిదవుతుంది, పక్కల్లో సన్న బీటలు పడతాయి. ఇక, నిమ్మకాయ తొక్కించిన చక్రాల నట్లు మొదటి వంద కిలోమీటర్ల లోపు ఒకసారి మళ్లీ బిగించి చూసుకోండి.

కొండ దారులు

మన ప్రాంతంలో చాలా దారుల్లో ఘాట్ తగులుతుంది. తలకోన వైపు భాకరాపేట ఘాట్. 2022 మార్చిలో పెళ్లివారి బస్సు లోయలో పడింది అక్కడే. చిత్తూరు నుంచి బెంగళూరు దారిలో మొగిలి ఘాట్. సముద్రమట్టానికి సుమారు 330 మీటర్ల ఎత్తున్న చిత్తూరు నుంచి 680 దాకా ఉన్న పలమనేరుకు ఎక్కాలి. మదనపల్లె దాటితే 1,265 మీటర్ల హార్సిలీ హిల్స్.

ఎక్కేటప్పుడు వచ్చేది రేడియేటర్ వేడి. బరువు బండి, రెండో గేరు, మధ్యాహ్నం ఎండ, పైగా ఏసీ. సూది ఎర్రగీత వైపు కదలగానే ఏసీ ఆపి, పక్కకు తీసి, ఇంజిన్ ఆపేయకుండా కాసేపు తిరగనివ్వాలి. ఆవేశపడి వేడి రేడియేటర్ మూత తిప్పితే మొహం కాలుతుంది. దిగేటప్పుడు వచ్చేది ఇంకా చెడ్డది. ఊరికే బ్రేకు మీద కాలు పెట్టి దిగితే డ్రమ్ములు కాలిపోయి బ్రేకు పట్టు వదిలేస్తుంది. ఎక్కిన గేరులోనే దిగమని పాత లారీ డ్రైవర్లు ఊరికే చెప్పలేదు. డీజిల్ మిగులుతుందని న్యూట్రల్‌లో వదిలే వాళ్లూ ఉన్నారు, వాళ్లకు చెప్పడానికేమీ లేదు. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీలుస్తుంది, తేమ చేరినది తక్కువ వేడికే మరుగుతుంది. రెండేళ్లకోసారి మార్చాలి. పాత బండి కొన్నవాళ్లు కొన్నరోజే మార్చాలి.

తిరుమల మాటేమిటని అడుగుతారు. మొదటి ఘాట్ రోడ్డు 1944లో, ఎక్కడానికి వాడే రెండోది 1974లో వచ్చాయి. ఎక్కడానికి 28 నిమిషాలు, దిగడానికి 40 నిమిషాలకు తగ్గకూడదని టీటీడీ పెట్టిన లెక్క. దిగేటప్పుడు గంటకు ముప్పై కిలోమీటర్ల లోపన్నమాట. ఆ వేగం మన బండికీ సరిగ్గా సరిపోతుంది. అయినా కొత్త బండి సత్తా చూసుకోవడానికి ఆ రోడ్డు వద్దనే అంటాను. వేల బండ్లు తిరిగే చోట మలుపులో ఆగిపోతే మన ఒక్కరి తంటా కాదది. స్వామి దర్శనానికి ఆర్టీసీ బస్సులో వెళ్లి రండి. 2022 నుంచి ఎలక్ట్రిక్ బస్సులు కూడా నడుస్తున్నాయి.

కొత్త బండి కొన్నవాళ్లకు ఇంకో తంటా. 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్-6 డీజిల్ బండ్లలో పొగలోని మసిని పట్టే ఫిల్టర్ ఉంటుంది. బండి హైవే మీద కొంతసేపు వేగంగా పోతే ఆ మసి వేడికి కాలిపోయి ఫిల్టర్ శుభ్రపడుతుంది. ఏసీ కోసం రాత్రంతా ఇంజిన్ ఆన్‌లో పెట్టి నిద్రపోతే, ఊళ్లోనే నెమ్మదిగా తిప్పితే మసి పేరుకుంటుంది. ముందు దీపం వెలుగుతుంది, తర్వాత ఇంజిన్ బలం తగ్గించేసుకుని నడకసాగిస్తుంది. దీనికి సుత్తి, స్పానర్లు పనికిరావు. స్కానర్ ఉన్నచోటికి వెళ్లాలి. నాలాంటి పాతకాలపు మనిషి పాత ఇంజినే నయమనుకుంటాడు. పాత బండి ఎప్పుడు ఆగుతుందో చెప్పలేం గానీ, ఆగినచోట బాగుచేసేవాడైతే దొరుకుతాడు.

నీళ్ల గొడవ పెద్దదేమీ కాదు గానీ నిద్ర పాడుచేస్తుంది. ఎవరూ కొళాయి తిప్పకుండానే అర్ధరాత్రి పంపు గుర్రుమందంటే ఎక్కడో అతుకు కారుతున్నట్టే. గమ్ముతో అతికించిన గట్టి పీవీసీ గొట్టాలు ఇంటికి సరే, బండి అదురుడుకు చీలుతాయి. వంగే గొట్టాలు వేయించుకోవాలి. మన బోరు నీళ్ల ఉప్పుకు, ఇసుకకు పంపు ముందున్న జల్లెడ వారానికే మూసుకుపోతుంది. పైకప్పు అతుకుల్లో పూసిన గమ్ము ఎండకు బీటలేసి, ఈశాన్య రుతుపవనాలప్పుడు గానీ తన సంగతి చెప్పదు.

నాది కాదు, వాడిది

పంపు ఆడటం లేదని ప్లంబర్ దగ్గరికి వెళితే కరెంటు రావడం లేదంటాడు. కరెంటు మనిషి వచ్చి “నేనిచ్చిన లైను సరిగ్గానే ఉండాది సార్, మోటారే పాతది” అంటాడు. మోటారు అమ్మినాయన వోల్టేజి తక్కువంటాడు. బ్యాటరీ షాపులో అది కంపెనీ చార్జింగ్ తప్పంటారు. కంపెనీ షోరూంలో బండిని చూసి, బయట వైరింగ్ చేయించారు కాబట్టి వారంటీ లేదంటారు. ఎవరూ అబద్ధం చెప్పడం లేదు. తప్పు ఒకరి పనికీ ఇంకొకరి పనికీ మధ్య ఉన్న అతుకులో ఉంది. ఆ అతుకు ఎవరిదీ కాదు. అమెరికాలో ఇలాంటి బండ్లకే ప్రత్యేకంగా షెడ్లున్నాయి. బండి తీసుకున్నవాళ్లు దూరం పోకముందు ఇంటికి దగ్గర్లో ఒకటి రెండు రాత్రులు గడిపి లోపాలు రాసుకుని రావడం అక్కడ మామూలు. మనకు ఆటోనగర్లున్నాయి, మంచి చేతులున్నాయి. నలుగురినీ ఒకచోట నిలబెట్టి పని చేయించే మేస్త్రీ లేడు. ఆ మేస్త్రీ పని హెడ్మాస్టారే నేర్చుకోవాలి. ఏ వైరు ఎక్కడినుంచి ఎక్కడికి పోయిందో, ఏ ఫ్యూజు దేనిదో కట్టించేటప్పుడే నోటుపుస్తకంలో బొమ్మ గీయించుకుని, ఫొటోలు తీసి పెట్టుకుంటే సగం గెలిచినట్టే. ఇందులో సిస్టరమ్మకే మార్కులెక్కువ పడతాయని నా నమ్మకం. కేస్‌షీటు రాసిన చెయ్యి కదా.

కాగితాల సంగతి చివర్లో చెబుతున్నా గానీ చూసుకోవాల్సింది ముందే. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన రూపాన్ని ఇష్టం వచ్చినట్టు మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కేరళ నుంచి వచ్చిన కేసులో అదే గట్టిగా చెప్పింది. సొంతానికి వాడే క్యాంపర్ వ్యాన్‌ను 2004 కేంద్ర నోటిఫికేషన్ రవాణేతర వాహనాల్లో చేర్చింది. కారవాన్ల ఆమోదానికి ఏఐఎస్-124 అనే ప్రమాణం ఉంది. కాబట్టి దారి ఉంది, అడిగి పోవాలి. వడ్రంగిని పిలవకముందే ఆర్టీవో ఆఫీసులో కనుక్కోండి. ఆర్సీలో ఒకటుండి రోడ్డు మీద ఇంకోటుంటే ప్రమాదం జరిగిన రోజున బీమా కంపెనీతో చిక్కు. డ్రైవింగ్‌కు భయం లేదు, 7,500 కిలోల లోపు బండికి కారు లైసెన్సు చాలు. 55 దాటినవాళ్లకు ఆ లైసెన్సు అయిదేళ్లకోసారి రెన్యువల్.

మొదటి నెల ఇంటికి వంద కిలోమీటర్లు దాటకండి. ముందు చదును దారిలో శ్రీకాళహస్తి, తర్వాత కాణిపాకం, చిత్తూరు, అన్నీ సర్దుకున్నాయనుకున్నాక పలమనేరు, ఆ పైన హార్సిలీ హిల్స్. వారణాసి అప్పుడు. ఇల్లమ్మి ఆ డబ్బుతో బండి కొందామనుకుంటున్న వాళ్లుంటే వాళ్లకు నా విన్నపం: ఒక డిసెంబరు వాన, ఒక మే ఎండ బండిలో గడిపాకే సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసుకు వెళ్లండి.